పాయింట్లు చూపించే జపాన్

హోటల్ పాయింట్లతో జపాన్ చుట్టి రావాలనుకునేవాళ్లు ముందుగా విప్పేది జపాన్ పటం కాదు. తమ ఖాతా ఏ కంపెనీలో ఉందో ఆ కంపెనీ హోటళ్ల జాబితా విప్పుతారు. సగం ప్రయాణం అక్కడే ఖరారైపోతుంది. హయత్ పాయింట్లు పోగేసుకున్నవాడి జపాన్‌లో టోక్యో, క్యోటో, కనజావా, నిసెకో, ఒకినావా ఉంటాయి, హిరోషిమా ఉండదు. మారియట్ పాయింట్లున్నవాడి జపాన్ ఇంకా పెద్దది. అందులో రైలు వెళ్లని పల్లెదారుల పక్కన నిలబడ్డ చిన్న హోటళ్లు కూడా ఉంటాయి. జపాన్ గుమాస్తా జేబులో ఉండే తొయొకో ఇన్ హోటళ్ల కార్డు చూపించే జపాన్ ఈ రెండింటికీ భిన్నం. అందులో దాదాపు ప్రతి పెద్ద స్టేషన్ ముందూ ఒక గది ఉంటుంది, అన్ని గదులూ ఒకేలా ఉంటాయి.

ఈ పథకాలను పోల్చేవాళ్లు వాడే కొలబద్ద ఒకటే: పాయింటుకు ఎన్ని పైసలు గిట్టాయి? ఆ కొలబద్ద పట్టుకుంటే ఎప్పుడూ ఖరీదైన హోటలే గెలుస్తుంది, ఎందుకంటే అక్కడ మిగిలినట్టు కనిపించే డబ్బు ఎక్కువ. మామూలుగా మనం లక్ష యెన్ల గదిలో పడుకునేవాళ్లమే కానప్పుడు ఆ లక్ష మిగిలిందని ఎలా అంటాం? నేను వేరే ప్రశ్న అడుగుతాను. ఏ పథకం మనల్ని ఏ ఊరికి తీసుకెళ్తుంది, ఏ ఊరి వైపు చూడనివ్వదు?

ముందు ఈ పాయింట్లు తెలుగువాళ్ల చేతికి ఎలా వస్తాయో చూడాలి. ఒకే ఇంట్లో అన్న డాలస్‌లో, తమ్ముడు కూకట్‌పల్లిలో ఉన్నారనుకుందాం. అన్న చేతిలో చేజ్ బ్యాంకు కార్డు ఉంటుంది. దాని పాయింట్లు ఒకటికి ఒకటి చొప్పున హయత్‌కు బదిలీ అవుతాయి. ఇంటి కిరాణా, పిల్లల డేకేర్, కారు బీమా అన్నీ చివరికి హయత్ గదులవుతాయి. ఒకవేళ ఆయన సోమవారం పొద్దున్నే విమానమెక్కి క్లయింటు ఊరికి వెళ్లి గురువారం రాత్రి ఇల్లు చేరే కన్సల్టెంటయితే, హైవే పక్క కోర్ట్‌యార్డ్ గదుల్లో గడిపిన రాత్రులు మారియట్ పాయింట్లుగా కూడా పేరుకుంటాయి. తమ్ముడికి హయత్ దారి ఇరుకు. 2023 ఆగస్టులో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు మారియట్‌తో కలిసి ఒక కార్డు తెచ్చింది. మన దేశంలో హోటల్ కంపెనీ పేరుతో వచ్చిన తొలి జంట కార్డు అదే. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ పాయింట్లు కూడా మారియట్ వైపు వెళ్తాయి. కాబట్టి ఈ అన్నదమ్ములు ఒకే నెలలో జపాన్ వెళ్లినా, పాయింట్ల మాట వింటే రెండు వేర్వేరు దేశాలు చూసి వస్తారు.

హయత్ గుణం దాని పట్టికలో ఉంది. ప్రతి హోటల్‌నూ ఒకటి నుంచి ఎనిమిది వరకు ఏదో ఒక మెట్టు మీద నిలబెట్టి, ఆ మెట్టుకు ఇన్ని పాయింట్లని ముందే చెబుతుంది. 2022 మార్చిలో దానికి తక్కువ రద్దీ, మామూలు, రద్దీ అని మూడు ధరలు జోడించింది. ఆ లెక్కన అప్పట్లో నాలుగో మెట్టు హోటల్‌కు 12, 15, 18 వేలు పడేవి. ఎనిమిదో మెట్టుకు 35, 40, 45 వేలు. ఇది రాతి శాసనమేం కాదు. ఏటా వసంతకాలంలో కొన్ని హోటళ్లు మెట్టెక్కుతుంటాయి, కొన్ని దిగుతుంటాయి, పట్టికనే తిరగరాసే హక్కు కూడా కంపెనీ తన దగ్గరే ఉంచుకుంటుంది. అయినా ప్రయాణం ఆలోచించే రోజున కళ్ల ముందు ఒక అంకె ఉంటుంది, ఇన్ని కూడబెట్టాలని ఇంట్లో లెక్క వేసుకోవచ్చు.

మారియట్ 2022 మార్చిలో సరిగ్గా దీనికి ఎదురుదారి పట్టింది. ఉన్న పట్టికను ఎత్తేసింది. అప్పటినుంచి దాని పాయింట్ల ధర శ్రావణ శుక్రవారం నాటి పూల ధరలాంటిది, అడిగిన రోజున అడిగినవాడికి చెప్పిందే ధర. చెర్రీ పూలు విచ్చే మార్చి చివరివారం, క్యోటోలో మేపుల్ ఆకులు ఎర్రబడే నవంబరు రెండో సగం, జపానువాళ్లే ఊళ్లు తిరిగే ఏప్రిల్ చివరి గోల్డెన్ వీక్ రోజుల్లో ఆ అంకె ఎక్కడిదాకా పోతుందో ముందు చెప్పడం కష్టం.

ఈ తేడా జపాన్‌లో మరీ ఎక్కువగా కనిపించడానికి కారణముంది. 2024 వేసవిలో డాలరుకు 160 యెన్లు దాటాయి. 1986 తర్వాత యెన్ అంత బలహీనపడడం అదే. ఆ ఏడాది 3 కోట్ల 68 లక్షల మంది విదేశీయులు జపాన్‌కు వచ్చారు. టోక్యో, క్యోటో హోటళ్ల ధరలు పైకి పాకాయి. డబ్బు ధర పెరిగినప్పుడల్లా మారియట్ పాయింట్ల ధర దాని వెంటే నడిచింది. హయత్ పట్టిక మాత్రం రద్దీ ధర అనే గీత దగ్గర ఆగిపోయింది. పేరున్న ఊళ్లో పేరున్న రుతువులో వెళ్లేవాడికి, నా ఉద్దేశంలో, హయత్ పక్షాన ఉన్న బలమైన వాదన ఇదే. పదమూడు నెలల ముందునుంచే గదులు తెరుచుకుంటాయి గనక ఉగాది నాడు కూర్చుని వచ్చే ఏడాది చెర్రీ పూలకు గది పట్టుకోవచ్చు. అయితే ఇక్కడో మెలిక ఉంది. పాయింట్లకు ఇచ్చేది మామూలు గదే. ఏది మామూలు గది, అలాంటివి ఎన్ని అన్నది హోటల్ చేతిలో ఉంటుంది. డెబ్బై గదుల హోటల్‌లో ఆ వాటా ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

అంకెలను పక్కపక్కన పెట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. హయత్‌లో డాలరు ఖర్చుకు మూలంగా వచ్చేవి 5 పాయింట్లు, మారియట్‌లో చాలా హోటళ్లలో 10. కాబట్టి అక్కడి 40 వేలు, ఇక్కడి 40 వేలు ఒకటి కావు. కేవలం బసల మీదే కూడబెడితే, హోదా బోనస్‌లు పక్కన పెడితే, హయత్‌లో 40 వేల పాయింట్లకు 8,000 డాలర్లు ఖర్చుపెట్టి ఉండాలి. ఒక్క రాత్రికి! ఉచిత గది అనే మాట అలవాటుగా వాడేవాళ్లు ఈ భాగహారం ఒకసారి చేసి చూడాలి. కార్డు కొత్తగా తీసుకుంటే వచ్చే బోనస్ పాయింట్లు లేకపోతే ఈ వ్యవహారం మొత్తం అసలు నడవదు.

ఇక ఊళ్ల సంగతి. హయత్ తన శక్తినంతా కొన్ని చోట్లే పెట్టింది. టోక్యోలో షింజుకు పార్క్ టవర్ పై అంతస్తుల్లో ఉన్న పార్క్ హయత్‌ను 1994లో తెరిచారు. భవనం కెంజో టాంగె రూపకల్పన. 2003లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా పుణ్యమా అని దాని బార్ యాత్రాస్థలమైపోయింది. మరమ్మతుల కోసం 2024 మేలో మూసి, 2025 డిసెంబరులో మళ్లీ తెరిచారు. క్యోటోలో రెండు మంచి హోటళ్లున్నాయి. 2019లో హిగాషియామ కొండ వాలులో, నినెన్‌జాకా మెట్లదారి పక్కన వచ్చిన పార్క్ హయత్ ఒకటి. వెయ్యిన్నొక్క కన్నొన్ విగ్రహాలున్న సంజూసంగెన్‌దో పక్కనే ఉన్న హయత్ రీజెన్సీ రెండోది. పాయింట్ల ప్రియులందరూ మొదటిదాని గురించే మాట్లాడతారు. నేనయితే రెండోదాన్నే ఎంచుకుంటాను. క్యోటోలో పగలంతా గుళ్లలో, సందుల్లో గడుస్తుంది. కొండ మీది కిటికీలోంచి యాసకా గోపురం చూస్తూ కూర్చునేందుకు ఎవరికి తీరిక? ఆ కిటికీకి పెట్టే పాయింట్లతో కింద చాలా హోటళ్లలో రెండు రాత్రులు ఉండొచ్చు. తీరికున్నవాళ్లూ ఉంటారు, పెళ్లిరోజులూ ఉంటాయి. వాళ్లతో నాకు పేచీ లేదు.

హయత్ జాబితాలో నాకు నిజంగా నచ్చేది కనజావా. 2020లో స్టేషన్ పడమటి వైపున హయత్ సెంట్రిక్, హయత్ హౌస్ పక్కపక్కనే వచ్చాయి. హౌస్ గదిలో చిన్న వంటగట్టు ఉంటుంది. అది మనవాళ్లకు ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? జపాన్‌లో శాకాహారికి పెద్ద చిక్కు మాంసంతో కాదు, దషితో. ఎండబెట్టిన చేప చెక్కుతో కాచిన ఆ రసం నూడుల్స్ పులుసులో, మిసో సూప్‌లో, చూడ్డానికి వట్టి కూరముక్కలుగా కనిపించే వంటకంలో కూడా ఉంటుంది. గదిలో పొయ్యి ఉంటే సూపర్‌మార్కెట్ బియ్యం, పెరుగు, తెచ్చుకున్న పచ్చడితో పూట గడిచిపోతుంది. పైగా కనజావా అనే ఊరే గొప్ప ఊరు. యుద్ధంలో బాంబులు పడలేదు గనక పాత సమురాయ్ వీధులు, గెయిషా వాడ, కెన్‌రోకుఎన్ తోట మిగిలాయి. 2015లో టోక్యో నుంచి షింకాన్‌సెన్ వచ్చింది. 2024 మార్చిలో ఆ లైను త్సురుగా దాకా పెరిగింది కానీ, క్యోటో నుంచి నేరుగా వచ్చే రైలు పోయి త్సురుగాలో మారాల్సిన పని వచ్చిపడింది. ఒక రైలు మారడం ఏమంత కష్టం అనుకోవచ్చు. చంటిపిల్లలూ నాలుగు పెట్టెలూ ఉన్నవాళ్లను అడగండి.

ఇక్కడితో హయత్ పటం పలచబడుతుంది. హిరోషిమాలో లేదు. షికోకు దీవిలో లేదు. ఉత్తరాన తోహోకు ప్రాంతం మొత్తం ఖాళీ. పట్టికను నమ్ముకున్న అన్నగారు టోక్యో, క్యోటో, కనజావా, మళ్లీ టోక్యో అని ఒక త్రిభుజం గీసుకుని, పాయింటుకు రెండు సెంట్లు గిట్టాయని సంతోషంగా తిరిగొస్తాడు. హిరోషిమా శాంతి మ్యూజియం క్యోటో నుంచి ఒక పగటి పనిగా కుదించుకుంటాడు, లేదా వదిలేస్తాడు. అక్కడ ఆయన పోగొట్టుకున్నది ఏ పట్టికలోనూ కనిపించదు.

మారియట్ పటం మీద హిరోషిమా స్టేషన్ దగ్గరే షెరటన్ ఉంది, సెండాయ్‌లో వెస్టిన్ ఉంది. క్యోటోలో నిజో కోట ఎదురుగా ఉన్న మిట్సుయి నుంచి చిన్న గదుల మాక్సీ దాకా అన్ని తాహతులకూ ఏదో ఒకటి దొరుకుతుంది. నిక్కోలో చూజెంజి సరస్సు ఒడ్డున ఉన్న రిట్జ్ కార్ల్‌టన్‌లో వేడినీటి బుగ్గల స్నానం కూడా ఉంది. ఇవన్నీ ఊహించదగ్గవే. ఊహించనిది రోడ్డు పక్కన ఉంది. జపాన్ ప్రభుత్వం 1993 నుంచి గుర్తింపు ఇస్తూ వచ్చిన మిచి నో ఎకి అనే దారి మజిలీలు ఇప్పుడు దేశమంతటా పన్నెండు వందలకు పైగా ఉన్నాయి. కారు ఆపుకోవడానికి చోటు, శుభ్రమైన మరుగుదొడ్లు, ఆ ఊరి రైతులు తెచ్చి అమ్మే కూరగాయలు, పచ్చళ్లు, చిన్న భోజనశాల ఉంటాయి. సెకిసుయి హౌస్ అనే గృహనిర్మాణ సంస్థతో కలిసి 2020 నుంచి మారియట్ ఈ మజిలీల పక్కన ఫెయిర్‌ఫీల్డ్ హోటళ్లు కట్టిస్తూ వచ్చింది. వకాయామాలో కుమానో యాత్రాదారికి దగ్గరగా సుసామిలో ఒకటి, నారా దగ్గర తెన్రిలో ఒకటి, జపాన్ సముద్రం వైపు అమనోహషిదాతెలో ఒకటి, ఇలా. హోటల్‌లో భోజనశాల ఉండదు. కావాలనే పెట్టలేదు, అతిథి వెళ్లి ఆ ఊళ్లో తినాలని.

పాయింట్ల పథకాలు జపాన్‌లో చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే ఆసక్తికరమైనది ఇదే. పార్క్ హయత్ మీద వచ్చే పొగడ్తల్లో పదో వంతు కూడా దీనికి రాదు. కారణం సులువు. గది డబ్బు ధర తక్కువ గనక పాయింటుకు గిట్టుబాటు లెక్క చప్పగా కనిపిస్తుంది. హెచ్‌డీఎఫ్‌సీ కార్డుతో వచ్చే 15 వేల పాయింట్ల లోపు ఉచిత రాత్రికి టోక్యో నడిబొడ్డున తలుపు తెరుచుకోవడం అరుదు, ఇలాంటి చోట అవకాశం ఉంది. మన లైసెన్సు మీద 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ తీసుకుంటే జపాన్‌లో బండి నడపొచ్చు. అక్కడా మనలాగే ఎడమ వైపే నడుపుతారు. ఈ విషయంలో డాలస్ అన్నకంటే కూకట్‌పల్లి తమ్ముడే హాయిగా నడపగలడు. లోపాలూ ఉన్నాయి. మజిలీలోని దుకాణాలు చాలాచోట్ల సాయంత్రం ఐదారింటికే మూసేస్తారు. ఏడింటికి చేరిన శాకాహారికి దగ్గర్లోని కన్వీనియన్స్ స్టోర్ రైస్‌బాలే గతి, అందులోనూ ఊరవేసిన ఉమె పండు పెట్టింది వెతుక్కోవాలి. కారు లేనివాడికి ఈ హోటళ్లు లేనట్టే.

మారియట్‌లో ఇంకో నియమం ఉంది. ఒకేచోట ఐదు రాత్రులు పాయింట్లతో ఉంటే ఒక రాత్రికి పాయింట్లు అడగదు. హిల్టన్‌లోనూ కొద్దిపాటి హోదా ఉన్నవాళ్లకు ఇలాంటిదే ఉంది. చూడ్డానికి ఇది రాయితీ. నిజానికి ఇది ప్రయాణాన్ని ఒకచోట కట్టి పడేస్తుంది. క్యోటోలో ఐదు రాత్రులు పెట్టుకుని నారా, ఉజి, ఒసాకా, హిమెజి పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి రావడం ఒకప్పుడు జేఆర్ రైలు పాస్‌తో చక్కగా కుదిరేది. 2023 అక్టోబరులో ఆ ఏడు రోజుల పాస్ 29,650 యెన్ల నుంచి ఒక్కసారిగా 50,000కు పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకు ఒకవైపు టికెట్ సుమారు 14 వేల యెన్లు. దూరపు ఊళ్లకు పోయి రావడం ఇప్పుడు లెక్క తప్పుతుంది. నారా, ఉజి లాంటి దగ్గరి ఊళ్లకు మాత్రం ఇబ్బంది లేదు. పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు రోజూ పెట్టె సర్దే పని తప్పుతుంది గనక ఐదు రాత్రుల నియమం నిజంగా మేలే. ఒంటరిగానో జంటగానో వెళ్లి దేశం చుట్టాలనుకునేవాళ్లకు మాత్రం అది ఎర. పెట్టెల బరువే భయమైతే యమాతో సంస్థ 1976లో మొదలుపెట్టిన తక్యూబిన్ ఉంది. ఈ హోటల్‌లో ఇస్తే రేపటికి ఆ హోటల్‌కు పెట్టె చేరుతుంది. వీపున ఒక సంచితో మధ్యలో ఇంకో ఊళ్లో రాత్రి గడపొచ్చు.

ఐహెచ్‌జీ అనే హోటల్ కంపెనీ గురించి రెండు మాటలు. ఏఎన్ఏ విమాన సంస్థతో 2006లో కుదిరిన పొత్తు వల్ల హిరోషిమా, కనజావా, మత్సుయామా, నాగసాకి లాంటి ఊళ్లలో దానికి క్రౌన్ ప్లాజాలున్నాయి. ఆకర్షణ తక్కువ, అక్కరకొచ్చేవి. షికోకులో కోట ఉన్న మత్సుయామాలో పాయింట్లతో రాత్రి గడపాలంటే ఇది పనికొస్తుంది.

ఇప్పుడు జపాన్ వాళ్ల సొంత కార్డులకు వద్దాం. తొయొకో ఇన్ 1986లో టోక్యోలోని కమతాలో మొదలైంది. ఇప్పుడు దేశంలో మూడు వందలకు పైగా హోటళ్లున్నాయి, మేనేజర్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. 1,500 యెన్లు కట్టి కార్డు తీసుకుంటే పది రాత్రులకు ఒక సింగిల్ గది ఒక రాత్రి ఉచితం. దశాబ్దాలుగా ఆ హోటల్ పేరు వినగానే గుర్తొచ్చే సూత్రం అది. పాయింటు విలువ, మెట్లు, రుతువులు, ఈ గొడవలేవీ లేవు. పదికి ఒకటి. ఇందులో పది శాతం ఎప్పుడూ పది శాతమే. పెద్ద కంపెనీలు ఇరవై శాతం ఆశ చూపించి ఆరు శాతం చేతిలో పెట్టే సందర్భాలతో పోలిస్తే ఈ నిజాయతీ నాకు గొప్పగా కనిపిస్తుంది. అపా హోటళ్లవాళ్లు ఇంకా సూటిగా ఉంటారు. ఐదు వేల పాయింట్లు పోగయితే కౌంటర్ దగ్గర ఐదు వేల యెన్లు చేతికిస్తారు. గది అద్దె కంపెనీది, నోటు ఉద్యోగిది. సోమవారం విమానమెక్కే మన కన్సల్టెంట్ల పాయింట్ల వెనకున్న సూత్రమూ ఇదే. అపా దాన్ని దాచుకోలేదు, అంతే.

ఈ గదుల్లో రసం ఏమీ లేదన్నది నిజమే. పదకొండు, పన్నెండు చదరపు మీటర్లు. పెట్టె విప్పితే నడవడానికి దారి ఉండదు. కానీ ఆగస్టు మొదటివారంలో అఒమోరిలో నెబుతా రథాల ఊరేగింపు చూడాలంటే, మొరియొకాలో ఒక రాత్రి ఆగాలంటే, తకామత్సులో దిగి షికోకు చుట్టాలంటే హయత్ చేయలేని పని తొయొకో ఇన్ కార్డు చేస్తుంది. డోర్మీ ఇన్ అనే మరో హోటల్ కంపెనీ అయితే పైఅంతస్తులో పెద్ద స్నానపు తొట్టె పెట్టి, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత వేడి నూడుల్స్ ఉచితంగా వడ్డిస్తుంది. ఆ ఊరికి పని మీద వచ్చిన మనిషితో పక్కన కూర్చుని తినే ఆ పది నిమిషాలు క్లబ్ లాంజ్‌లో దొరకవు. శాకాహారులకు మాత్రం ఆ గిన్నె నిషిద్ధమే, పాపం.

కుటుంబంతో వెళ్లేవాళ్లకు అసలు పరీక్ష మనుషుల లెక్క దగ్గర వస్తుంది. పాయింట్ల పథకాలన్నీ గదిని అమ్ముతాయి. జపాన్ సంప్రదాయం మనిషిని లెక్కపెడుతుంది. ర్యోకాన్ అనే సంప్రదాయ సత్రంలో ధర తలకు ఇంత, రెండు పూటల భోజనంతో కలిపి. ఈ రెండు పద్ధతులూ ఎదురుపడినప్పుడు మన నలుగురి కుటుంబం మధ్యలో నలిగిపోతుంది. పెద్ద హోటల్‌లో మామూలు గది ఇద్దరికి, మహా అయితే ముగ్గురికి. నలుగురని వెతకగానే గదులు మాయమవుతాయి, పాయింట్లు రెండింతలవుతాయి. హయత్ ఒక సభ్యుడి పాయింట్లను ఇంకొకరికి ఖర్చు లేకుండా పంపుకోనిస్తుంది గనక భార్యాభర్తల ఖాతాలు కలిపి రెండో గది తీసుకోవచ్చు. తొయొకో ఇన్‌లో ప్రాథమిక పాఠశాల వయసు వరకు పిల్లలు పెద్దవాళ్ల మంచం పంచుకుంటే డబ్బు అడగరు. కానీ ఆ మంచం 140 సెంటీమీటర్లే.

శాకాహారి తెలుగువాడికి జపాన్‌లో దొరికే అత్యుత్తమ రాత్రి ఈ పథకాల్లో దేంట్లోనూ లేదు. అది కోయాసాన్‌లో ఉంది. 816లో కూకాయ్ అనే బౌద్ధాచార్యుడు ఆ కొండ మీద మఠం నెలకొల్పాడు. ఇప్పుడున్న 117 గుళ్లలో యాభై దాకా యాత్రికులకు బస ఇస్తాయి. సాయంత్రం గదికి వచ్చే షోజిన్ ర్యోరి భోజనంలో చేప లేదు, మాంసం లేదు, ఉల్లి వెల్లుల్లి కూడా లేవు. రసం సముద్రపు పాచితో, ఎండు పుట్టగొడుగులతో కాస్తారు. గడ్డకట్టించి ఎండబెట్టిన టోఫును ఆ కొండ పేరుతోనే పిలుస్తారు. ప్రయాణంలో ప్రతి పూటా ఇందులో చేప ఉందా అని అడిగి అడిగి అలసిపోయినవాళ్లకు, అడగకుండా తినగలిగే తొలి భోజనం ఇదే కావచ్చు. పొద్దున ఆరింటికి మంత్రపఠనం. ధర తలకు ఇంత, యెన్లలో. పాయింటుకు గిట్టుబాటు లెక్కలో ఈ రాత్రికి విలువ సున్నా. ఆ కొలబద్ద మీద నాకు నమ్మకం లేదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మరి ఇద్దరికీ ఏం చెప్పాలి? ముందు ఊళ్లు రాసుకోమంటాను, ఆ తర్వాతే ఖాతా తెరవమంటాను. అన్న హయత్ పాయింట్లను టోక్యోలో తగలేయకూడదు. టోక్యోలో వ్యాపార హోటళ్లు కొల్లలు, రాత్రి పదింటికి చేరి పొద్దున్నే బయటపడే ఊరది, యెన్లు కడితే సరిపోతుంది. క్యోటోలో, అదీ రద్దీ రుతువులో, ఆ పట్టిక నిజంగా కాపాడుతుంది. కనజావాలో రెండు రాత్రులు వంటగట్టు ఉన్న గదిలో గడపొచ్చు. హిరోషిమా, తోహోకులకు డబ్బే. తమ్ముడు కారు తీసుకుని కీ ద్వీపకల్పం చుట్టాలి. తెన్రి, సుసామి, మధ్యలో కోయాసాన్ గుడి. టోక్యోలో రాత్రులు తక్కువైనా పరవాలేదు. ఎవరు ఏది చేసినా క్యోటో పన్ను మాత్రం గుర్తుంచుకోవాలి. 2026 మార్చి నుంచి అక్కడ బస పన్ను తలకు రాత్రికి 200 యెన్ల నుంచి 10,000 దాకా, గది ధరను బట్టి మారుతుంది. ఎక్కువ మొత్తం పడేది ఖరీదైన గదులకే. పాయింట్లతో ఉన్నామని అన్ని పన్నులూ మాఫీ కావు. వేడినీటి స్నానానికి కట్టే నూటయాభై యెన్ల పన్నూ చాలాచోట్ల కౌంటర్ దగ్గర విడిగా అడుగుతారు.

తలకు ఇంత అనే పద్ధతికీ గదికి ఇంత అనే పద్ధతికీ మధ్య గోడ త్వరలో కొంత కదలవచ్చు. హయత్ ఇప్పుడు కిరాకు అనే జపాన్ సంస్థతో కలిసి ఆటోనా పేరిట ర్యోకాన్లు కడుతోంది. యుఫు, యాకుషిమా, హకోనె ముందు వరుసలో ఉన్నాయి. రెండు పూటల భోజనాన్ని పట్టికలో ఏ మెట్టు మీద పెడతారు, మూడో మనిషికి ఎన్ని పాయింట్లు అడుగుతారు, చేప వద్దన్న అతిథికి ఏం వడ్డిస్తారు, ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికే దాకా యుఫుకు వెళ్లేవాళ్లు మామూలు ర్యోకాన్‌కే ఫోన్ చేసి, శాకాహారమని ముందే చెప్పి, యెన్లలో కట్టడం మేలు.